చలికాలపు పెరటి కూరగాయల పెట్టె: కడియం నారు కోనసీమ దొడ్డిలో ఎలా కాసింది

దసరా వెళ్ళిన వారానికి కడియపులంకలోని ఒక నర్సరీకి ఫోను చేసి, వాళ్ళు 'చలికాలపు పెరటి కూరగాయల పెట్టె' అనే పేరుతో అమ్ముతున్న సరుకును రవాణాతో కలిపి 1,850 రూపాయలకు చెప్పుకున్నాను. అందులో ప్రోట్రేలలో, అంటే గడులున్న ప్లాస్టిక్ ట్రేలలో, పెంచిన నారు మొక్కలు 60 ఉంటాయి; క్యాబేజీ 20, కాలీఫ్లవర్ 12, టమాటా 16, మిరప 12. వాటితోపాటు కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారెట్, చిక్కుడు, ఆవాల పొట్లాలు ఏడు, అయిదు కిలోల కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి, పది కిలోల వర్మీకంపోస్టు, రెండు కిలోల వేపపిండి, ఒక చిన్న వేపనూనె సీసా, ఎగిరే పురుగులు అంటుకునే పసుపు జిగురు అట్టలు నాలుగు, ఏ పని ఎప్పుడు చేయాలో చెప్పే ఒక కరపత్రం ఇస్తారు. ఇటువంటి పెట్టెలను ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు, లోపలి సరుకు అంతటా ఇంచుమించు ఒకటే. అందుచేత నర్సరీ పేరు రాయకుండా, పెట్టెలోని ఒక్కొక్క వస్తువు కార్తీకం నుంచి రథసప్తమి వరకు మా దొడ్డిలో ఎంతవరకు పనికివచ్చిందో మాత్రమే రాస్తున్నాను. మా ఊరు అంబాజీపేటకు దగ్గర. దొడ్డి పది సెంట్లు ఉన్నా కొబ్బరి చెట్ల నీడ పోగా కూరగాయలకు ఎండ దొరికేది మూడు సెంట్లకు మించదు. నేల ఒండ్రు కలిసిన బంకమన్ను.

ముందుగా కరపత్రం సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు కలిగిన నష్టంలో సగం దానివల్లే. అక్టోబరు మొదటి వారంలోనే నారు నాటుకోవాలని అందులో ఉంది. నీరు నిలవని ఎర్రనేలల్లో, మెట్ట ప్రాంతాల్లో ఆ తేదీ సరిపోవచ్చు. డెల్టాలో అక్టోబరు అంటే నైరుతి వెనక్కి మళ్ళి ఈశాన్య రుతుపవనాలు అందుకునే సమయం. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే దొడ్లో మోకాలి లోతు నీరు రెండు మూడు రోజులు కదలదు. 1996 నవంబరు 6 నాటి తుపానును కళ్ళారా చూసిన మా వయసువాళ్ళెవరూ దీపావళికి ముందు లేత నారును నేలలో పెట్టరు. కార్తీక పౌర్ణమి దాటాక, ఆకాశం తేటపడిందని తోచాక పెడతారు. తుపాను ఆ తరువాత కూడా రావచ్చు, కాని అప్పటికి మొక్క వేరు పట్టి ఉంటుంది. ఈ మాట ఫోనులో చెప్పి, పౌర్ణమి వెళ్ళాక పంపమని అడిగితే, అవతలి అబ్బాయి "ఆయ్, అలాగేనండి, ఆపుతామండి" అన్నాడు. అని, అక్టోబరు 26న పెట్టె పంపించేశాడు. 28వ తేదీ రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది.

అంతకుముందే సెప్టెంబరు చివరి వాన వెలిసినప్పుడు జానెడు ఎత్తున బోదెలు కట్టించి, మధ్య కాలువలను వీధి మురుగు కాలువకు కలిపించాను కనుక నీరు రెండు రోజులకే లాగింది. అయినా బంకమన్ను పదునుకు రావడానికి మరో పది రోజులు పట్టింది. పదును చూడటానికి మా నాన్నగారు చేసిన పనే నేనూ చేస్తాను: గుప్పెడు మన్ను తీసి ముద్ద కట్టి, నడుము ఎత్తునుంచి వదలాలి. పడిన ముద్ద పొడిగా విడిపోతే పార పెట్టవచ్చు, అప్పడంలా అతుక్కుంటే మాత్రం ఆగాలి. తొందరపడి తడిమన్ను తవ్వితే అది ఎండి ఇటుక పెళ్ళలై కూర్చుంటుంది, ఇక ఆ ఏడాది ఏ వేరూ అందులోకి దిగదు. కరపత్రంలో ఎరువుల గురించి రెండు పేజీలు ఉన్నాయి గాని, ఈ పదును గురించి, మురుగు తీయడం గురించి ఒక్క వాక్యమైనా లేదు. నవంబరు 9న నాటేవరకు రెండు వారాలపాటు నారు ట్రేలు వసారాలో ఉండిపోయాయి. గాలి ఆడని ముసురులో నారుకుళ్ళు సోకి క్యాబేజీ ఆరు మొక్కలు కాండం మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి.

అయితే ఆ క్యాబేజీ నారు మంచిదని ఒప్పుకోకపోతే అన్యాయం. ట్రే గడిలోంచి తీస్తే వేళ్ళు కొబ్బరి పొట్టును వల అల్లినట్టు పట్టుకుని ఒక్క రేణువు కూడా రాలకుండా వచ్చింది. నాలుగైదు ఆకులు, పొట్టి కాండం. మడిలో పీకిన నారులా వేళ్ళు తెగకపోవడంతో నాటిన సాయంత్రం వడలినా మర్నాడు పొద్దునకే నిలబడ్డాయి. ఆరు పోయాయని ఫోను చేస్తే వాదించకుండా పది మొక్కలు రావులపాలెం వచ్చే వ్యానులో పంపారు. అడుగున్నర దూరంలో నాటిన వాటిలో మొదటి గడ్డ భోగికి రెండు రోజుల ముందు, జనవరి 12న కోశాను. పెట్టె మొత్తంలో పూర్తి విలువ చేసినది ఇదొక్కటే. క్యాబేజీకి నారు గాని విత్తనం గాని కొనుక్కోవడం తప్ప మనకు వేరే దారి కూడా లేదు. గడ్డ కట్టిన మొక్క గట్టి చలి తింటేగాని పూత వేయదు, అందుకే దాని విత్తనం మన మైదానాల్లో కట్టదు, చలి గట్టిగా ఉండే కొండ ప్రాంతాల్లోనే పండుతుంది.

క్యాబేజీని ఆశించే రెక్కల పురుగుకు ఎరగా ఆవాలు వేయమని కరపత్రం చెప్పింది. సలహా సరైనదే. ఆవ మొక్క మీద గుడ్లు పెట్టడానికి ఆ రెక్కల పురుగు ఎక్కువ ఇష్టపడుతుంది కనుక, క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు ఒక వరుస, నాటిన 25 రోజులకు మరో వరుస ఆవాలు వేస్తే పురుగు చాలావరకు అటు మళ్ళుతుంది. కాని ఆవాల పొట్లాన్నీ క్యాబేజీ నారునూ ఒకే పెట్టెలో, ఒకే రోజున చేతికిస్తే మొదటి వరుస ఎప్పుడు వేయాలి? తుపాను పుణ్యమా అని నాకు రెండు వారాలు వ్యవధి దొరికింది గనుక కుండీలో ఆవాలు చల్లి తరువాత మడి చివర పెట్టాను. తుపాను రాని ఏడు ఆ పొట్లం తాలింపుకు తప్ప ఎందుకూ పనికిరాదు. డిసెంబరులో ఆకు అడుగున సన్నని పచ్చపురుగులు, ముట్టుకుంటే దారం పట్టుకుని వేలాడేవి, కనిపించగానే లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి వారానికి ఒకసారి సాయంత్రం పూట కొట్టాను. సీసా ఆ పనికే అయిపోయింది.

కాలీఫ్లవర్ విషయంలో నా ఫిర్యాదు గట్టిది. ట్రేకు కట్టిన చీటీ మీద స్నోబాల్ అని ఉంది. కాలీఫ్లవర్‌లో ముందు కాలపు రకాలు, నడిమి కాలపు రకాలు, చివరి కాలపు రకాలు వేరువేరుగా ఉంటాయి; పువ్వు కట్టడానికి ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క మోతాదు చలి కావాలి. ముందు కాలపువి 20 నుంచి 27 డిగ్రీల వేడిలో కూడా పువ్వు వేస్తాయి. స్నోబాల్ చివరి తరగతిది, దానికి 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కావాలి. మా కోనసీమలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా దుప్పటి కప్పుకుంటే చాలు, కుంపటి అక్కర్లేదు. పగలైతే చొక్కా తడుస్తుంది. పన్నెండు మొక్కలూ ఏపుగా పెరిగి, పుష్యం వెళ్ళేవరకు ఏనుగు చెవులంత ఆకులు వేసుకుని, నాలుగు మాత్రం నిమ్మకాయంత పువ్వు వేసి అదీ నూకల్లా విచ్చుకుని ఊరుకున్నాయి. నర్సరీని అడిగితే పోషణ లోపమన్నారు. పక్కనే, అదే ఎరువు తిన్న క్యాబేజీ రాయిలా గడ్డ కట్టిందని చెప్పినా ఒప్పుకోలేదు. డెల్టా ఇళ్ళకు అమ్మేటప్పుడు ఏ తరగతి విత్తనం పోయాలో తెలియకపోవడం ఒక తప్పు. తెలిసీ దొరికిన విత్తనం పోస్తే అది ఇంకా పెద్ద తప్పు. ఈ నారు కొనేవారు రకం పేరు అడగకుండా డబ్బు చేతిలో పెట్టవద్దని నా సలహా.

టమాటా నారు ముదిరిపోయి వచ్చింది. ఇరవై అయిదు, ముప్ఫై రోజుల నారు నాటుకోవాల్సింది. పెట్టె విప్పేసరికే కొన్నింటికి ట్రేలోనే పూమొగ్గ ఉంది, కాండం పెన్సిలంత పొడుగు సాగి వాలిపోయింది. వసారాలో గడిచిన రెండు వారాలు మరింత చెరిపాయి. టమాటాకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. మన్ను తగిలిన కాండం వేళ్ళు వేస్తుంది కాబట్టి మొగ్గలు తుంచేసి, కింది ఆకులు తీసేసి, పై నాలుగు ఆకులు మాత్రం బయట ఉండేటట్టు లోతుగా, కొన్నింటిని ఏటవాలుగా పడుకోబెట్టి నాటాను. పదమూడు బతికి, వెదురు ఊతాలకు ఎక్కి, సంక్రాంతి నుంచి రెండు రోజులకొకసారి కిలోకు తగ్గకుండా ఇచ్చాయి. వంగ, మిరపలను ఇలా లోతుగా పూడిస్తే కుళ్ళిపోతాయి, చూసి చేయాలి. మిరప సంగతి ఎక్కువ రాయను. పన్నెండింటిలో ఏడు మూడు వారాలు తిరగకుండా ఆకుముడత పట్టాయి, పీకి కాల్చేశాను.

విత్తన పొట్లాలు తెల్లని ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. మీద పేరు తప్ప మరేమీ లేదు. 1966 నాటి విత్తన చట్టం కింద అమ్మే పొట్లం మీద రకం, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటివరకు చెల్లుతుందో ఉండాలి. ముల్లంగికి 70, కొత్తిమీరకు 65, క్యారెట్‌కు 60 శాతం మొలక కనీసం ఉండాలని ప్రమాణాలు కూడా ఉన్నాయి. చీటీ లేదు కనుక పరీక్ష నేనే చేశాను. ఒక్కొక్క దాంట్లోంచి ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూసుకుంటూ, మొలకలు లెక్కపెట్టాను. ముల్లంగి పదిహేడు, మెంతి పంతొమ్మిది, పాలకూర పన్నెండు, క్యారెట్ ఏడు. ధనియాలను అరచేత్తో నలిచి బద్దలుగా చేసి ఒక పూట నానబెట్టి చల్లితే పదో రోజుకు పచ్చబడ్డాయి, ఒత్తుగానే వచ్చాయి.

ఈ తరగతి పంటల్లో నా అనుభవం ఏమిటంటే మెంతికీ ముల్లంగికీ పెట్టె అవసరమే లేదు. మెంతులు వంటింటి డబ్బాలోవి చల్లినా ఇరవై అయిదు రోజులకు పప్పులోకి వస్తాయి. ముల్లంగి నలభై అయిదు రోజులు దాటనివ్వకూడదు, దాటితే బెండు తేలుతుంది. క్యారెట్ మాత్రం బంకమన్నులో చేసిన పొరపాటే. దిగడానికి దారి లేక ఒక్కొక్క గడ్డకు రెండేసి, మూడేసి కాళ్ళు పుట్టాయి. లంక భూముల ఇసుక పాలున్న ఒండ్రులో క్యారెట్, బీట్‌రూట్ నున్నగా దిగుతాయి. ఇళ్ళ దొడ్లలో వేయదలచుకుంటే లంక మన్ను పోసిన తొట్టెల్లోనే వేయాలి. ఈ మాట కూడా కరపత్రంలో ఉండవలసింది.

చిక్కుడు గురించి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే పెట్టె తయారుచేసినవారికి మన కాలాల లెక్క తెలియదనడానికి ఇదే సాక్ష్యం. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూత వేసే తీగ. ఆషాఢ, శ్రావణాల్లో గింజ పెడితే వానలకు తీగ పందిరంతా అల్లుకుని, పొద్దు కురచయ్యే వేళకు ఒళ్ళంతా పూస్తుంది. అదే గింజను కార్తీకంలో పెడితే తీగ ఎదగకముందే పొద్దు కురచగా ఉంటుంది కనుక మోకాలెత్తులోనే పూత వేసి, గుప్పెడు కాయలిచ్చి చాలించుకుంటుంది. నా మొక్కలు సరిగ్గా అదే చేశాయి. పైగా డిసెంబరు మంచుకు పేనుబంక పట్టి కొసలు నల్లబడ్డాయి. పొద్దున్నే, ఆకు తడిగా ఉన్నప్పుడు పొయ్యి బూడిద చల్లి కొంత ఆపాను. రథసప్తమి నాడు రథం కట్టడానికి కాయలకూ, పరమాన్నం వడ్డించడానికి ఆకులకూ ఎదురింటి వదినగారి పాత పందిరి దగ్గరికే వెళ్ళవలసి వచ్చింది. ఆవిడ ఆ కాయలతోపాటు పాత గింజలు పిడికెడు, బూడిదలో కలిపి కాగితం పొట్లం కట్టి ఇచ్చారు.

ఎరువుల సంగతికి వస్తే వర్మీకంపోస్టు బాగుంది. తడిగా, మట్టివాసన వేస్తూ, జల్లెడ పట్టినట్టు ఉంది; గుంటకు రెండు గుప్పిళ్ళు వేస్తే పది కిలోలు అరవై మొక్కలకు సరిపోయింది. వేపపిండిలో నూనె వాసన ఘాటుగా ఉండటాన్ని బట్టి కల్తీ లేదనుకుంటున్నాను. వేరుపురుగుకూ పోషణకూ రెండింటికీ అది పనికివచ్చేదే, నాటేటప్పుడు ఒకసారి, నెలకు మరోసారి మొదట్లో వేసి కలిపాను. కొబ్బరి పొట్టు ఇటుక చూసి మాత్రం మా ఇంట్లో అందరూ నవ్వారు. అంబాజీపేట చుట్టుపక్కల ఏ కళ్ళం దగ్గరకు వెళ్ళినా డొక్కల గుట్టలు, పొట్టు గుట్టలు దారికి అడ్డం పడి ఉంటాయి. అలాంటి ఊరికి గోదావరి దాటించి పొట్టు అమ్మడం సముద్రానికి ఉప్పు మోయడమే. ఉప్పు మాట ఊరికే అనలేదు. ఇటుకను నానబెట్టిన నీటిని నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది. సరిగా కడగని పొట్టులో ఉప్పు నిలిచి లేత నారు అంచులు మాడుస్తుంది. రెండుసార్లు నానబెట్టి, పిండి, ఆ నీరు పారబోసి వాడవలసి వచ్చింది. పొట్టుకు తేమ పట్టే గుణం తప్ప మొక్కకు ఆహారమిచ్చే శక్తి పెద్దగా లేదని కూడా కొనేవారు గుర్తుంచుకోవాలి.

పసుపు జిగురు అట్టలు చిన్న వస్తువే అయినా నాకు బాగా ఉపయోగపడ్డాయి, కాని నాలుగు రోజులకే నిండిపోయాయి. కారణం తలమీదే ఉంది. 2016లో మన దేశంలో మొదటిసారి బయటపడిన రూగోస్ సర్పిలాకార తెల్లదోమ ఇప్పుడు కోనసీమ కొబ్బరి తోటల్లో ఇంటి చుట్టంలా తిష్ఠవేసింది. అది కొబ్బరాకు అడుగున కూర్చుని కార్చే తీపి జిగురు కింద ఉన్న కూరగాయల ఆకుల మీద పడి, దాని మీద మసి బూజు పట్టి, ఆకు ఊపిరాడక నల్లబడుతుంది. కొబ్బరి నీడ తగిలే రెండు బోదెల మీది టమాటాకు ఇదే పట్టింది. పలచని గంజి కొట్టి, ఆరాక బూజు పొరలుగా లేచినప్పుడు నీళ్ళతో కడిగాను. నాలుగు అట్టల బదులు పన్నెండు ఇచ్చి, కాలీఫ్లవర్ తీసేసినా నాకు అభ్యంతరం ఉండేది కాదు.

పెట్టెలో లేనివాటి గురించి ఒక మాట. చలికాలపు పెరడు అని పేరు పెట్టి వంగ నారు ఒక్కటైనా వేయకపోవడం గోదావరి జిల్లాలవారికి అమ్మే పద్ధతి కాదు. ముప్ఫై, ముప్ఫై అయిదు రోజుల వంగ నారు కార్తీకంలో పెడితే మాఘం నాటికి గుత్తికి సరిపడే కాయలు దిగుతాయి. కంద కూడా ఈ కాలపు పనే, అయితే నాటడం కాదు, తవ్వడం. వేసవి చివర పెట్టినదానికి ఆకు పండి కాడ వాలిన తరువాత పుష్యంలో గడ్డ తీసి, విత్తనపు ముక్కకు తగినవి నీడలో ఇసుక మీద పరిచి ఉంచుకోవాలి. బచ్చలి దొడ్డిలో ఎలాగూ ఉంటుంది.

ఇక ఖర్చు లెక్క. క్యాబేజీ, టమాటా నారు, వర్మీకంపోస్టు, వేపపిండి, వేపనూనె, జిగురు అట్టలు విడిగా కొన్నా వెయ్యి రూపాయలకు లోపే అవుతాయని తరువాత కడియం వెళ్ళినప్పుడు అడిగి తెలుసుకున్నాను. మిగిలిన 850 రూపాయల పైచిలుకు పెట్టెకూ రవాణాకూ నాకు పనికిరాని వస్తువులకూ పోయినట్టే. నారు పెంపకానికి అయిదులో నాలుగు, చెడిన మొక్కలకు బదులు పంపిన తీరుకు నాలుగు, విత్తనాలకు రెండు, కరపత్రానికి ఒకటి ఇస్తాను. మొత్తానికి రెండున్నర. అపార్ట్‌మెంటు డాబా మీద కుండీల్లో పెంచుకునేవారికి నీరు నిలిచే బాధ లేదు కనుక వారు మరో అర మార్కు కలుపుకోవచ్చు.

రథసప్తమి వెళ్ళిన వారానికి అదే అబ్బాయి ఫోను చేసి వేసవి పెట్టె సిద్ధంగా ఉందని, బెండ, గోరుచిక్కుడు, దోస, ఆనప ఉన్నాయని చెప్పాడు. ఆనప, దోస నారు ట్రేలో వచ్చేటట్టయితే వద్దన్నాను, వాటికి వేరు కదిలితే నెల వెనకబడతాయి. వంగ నారు విడిగా ఇరవై మొక్కలు, రకం పేరు చీటీ మీద రాసి, వచ్చే కార్తీక పౌర్ణమి మర్నాడు పంపగలరా అని అడిగాను. "ఆయ్, రాసుకున్నానండి" అన్నాడు. ఈసారి తేదీ చెప్పి ఊరుకోకుండా, ఆ ఉదయం నేనే కడియం వెళ్ళి ట్రే చూసి తెచ్చుకుంటాను.